క్వెబెక్ తొలి సేద్యగాడు లూయీ ఎబేర్

శతవార్షికోత్సవము అనగానే మనవారికి కలిగే కోరిక ఒకటున్నది. మన తాతముత్తాతలు ఎవరు, ఏ యేట జ్ఞానస్నానము పొందారు, ఏ గురువుల చేతిమీదుగా వివాహమాడారు అని తెలిసికోవాలనే కోరిక అది. విచారణలోని పాత రిజిస్టర్లు తీయించి, వెలిసిపోయిన సిరాలో మన ఇంటిపేరు కోసము వెదకుతాము. కనబడితే పొంగిపోతాము. కనబడకపోతే వంశమే తెగిపోయినట్లు దిగులుపడతాము. మగబిడ్డ లేని ఇంట వంశము నిలవదని ఈనాటికీ మనలో అనుకొనేవారు లేకపోలేదు. ఇట్టి సమయములో, ఇంటిపేరు మనుమని తరముతోనే అంతరించినా లెక్కకు మించిన సంతతికి మూలపురుషుడైన ఒక గృహస్థుని జీవితమును మన విశ్వాసుల ముందుంచుట ఉచితమని తలచినాము. ఆయన పేరు లూయీ ఎబేర్. కెనడా దేశములోని క్వెబెక్‌లో కుటుంబముతో స్థిరపడి భూమి దున్నిన తొలి ఫ్రెంచివాడు ఆయనే.

లూయీ ఎబేర్ సుమారు 1575లో పారిస్ నగరములో జన్మించారు. తండ్రి నికొలా ఎబేర్ రాజభవనమునకు దగ్గరలోనే మందుల దుకాణము నడిపేవారు. తల్లి జాక్లీన్ పాజో. ఆ రోజులలో మందుల వ్యాపారి అంటే వేళ్లు, ఆకులు, విత్తనాలు ఎరిగి, నూరి, కాచి మందు చేయగలిగినవాడు. మన పల్లెలలోని నాటు వైద్యుని వంటివాడు. తండ్రి విద్యనే కుమారుడూ అభ్యసించారు. మొక్కల యెడల ఆయనకున్న మక్కువ ఆ దుకాణములోనే పుట్టినదని చెప్పవచ్చును. 1601లో పారిస్‌లోని సెయింట్ సుల్పీస్ దేవాలయములో మారీ రోలే అనే కన్యను వివాహమాడారు. వారికి ఆన్, గీయెమెట్ అనే ఇద్దరు కుమార్తెలు, గియోమ్ అనే ఒక కుమారుడు కలిగారు.

ఎబేర్ దగ్గరి బంధువైన ఒక స్త్రీని పెండ్లాడిన పుట్రెంకూర్ అనే ప్రభువు, ఫ్రాన్సువారు అప్పుడే ఏర్పరచుకొన్న అకేడియా వలసకు 1606లో ప్రయాణమయ్యారు. ఆయన వెంట ఎబేర్ కూడా ఓడ ఎక్కి, ఈనాటి నోవా స్కోషియా తీరములోని పోర్ట్ రాయల్ చేరారు. అక్కడ విత్తనాలు చల్లి, ఏ పంట ఆ నేలకు సరిపడునో పరీక్షించారు. స్థానికులైన మిక్‌మాక్ ప్రజలు వాడే మూలికలను గుర్తించారు. భూచిత్రకారుడైన షాంప్లేన్‌తో పరిచయమైనది కూడా అక్కడనే. అయితే వలసను నడిపేవారికి రాజుగారు ఇచ్చిన వర్తకపు హక్కు రద్దు కాగా, 1607లో అందరూ స్వదేశానికి తిరిగి వచ్చారు.

కొద్ది సంవత్సరాలకే ఎబేర్ మరల పోర్ట్ రాయల్ వెళ్లారు. మిక్‌మాక్ నాయకుడైన మెంబెర్టూ 1610 జూన్ 24న తన కుటుంబముతో జ్ఞానస్నానము పొందినవాడు. 1611లో ఆ వృద్ధ నాయకుడు మరణకరమైన జబ్బున పడినప్పుడు ఆయనకు ఉపచారము చేసినవారిలో ఎబేర్ ఒకరు. 1613లో వర్జీనియా నుండి వచ్చిన ఆంగ్లేయుడు శామ్యూల్ ఆర్గాల్ పోర్ట్ రాయల్‌ను తగులబెట్టాడు. చేసిన సేద్యమంతా బూడిద కాగా, ఎబేర్ రెండవసారి వట్టిచేతులతో పారిస్ చేరారు.

ఇంతటితో ఆయన ఊరుకొని ఉంటే మనము ఈనాడు ఆయనను తలచుకొనవలసిన పని ఉండేది కాదు. 1608లో క్వెబెక్‌ను స్థాపించిన షాంప్లేన్ కొంతకాలానికి ఫ్రాన్సుకు వచ్చి, కుటుంబముతో వచ్చి స్థిరపడేవారి కోసము వెదకుచుండిరి. అప్పటికి క్వెబెక్ అంటే ఉన్నితోలు వర్తకుల మజిలీ మాత్రమే. కొద్దిమంది మగవారు వచ్చిపోవుటే గాని, ఇల్లు, ఇల్లాలు, పొలము అన్నవి లేవు. తినే తిండి కూడా ఓడలమీద ఫ్రాన్సు నుండి రావలసిందే. వర్తక సంఘమువారు ఏడాదికి 200 ఎక్యూల జీతము ఇస్తారని నమ్మి, ఎబేర్ పారిస్‌లోని ఇల్లు, తోట, దుకాణము అమ్మివేసి, 1617లో భార్యాబిడ్డలతో ఓన్‌ఫ్లోర్ రేవుకు వచ్చారు.

రేవులో వర్తకులు మాట మార్చారు. జీతములో సగమే ఇస్తామన్నారు. ఆయనే గాక కుటుంబమంతా సంఘమువారి పనులు చేయవలెను. రోగులకు ఉచితముగా వైద్యము చేయవలెను. పండిన పంటను సంఘమువారికే, ఫ్రాన్సులోని ధరకే అమ్మవలెను. తోలు వర్తకము జోలికి పోరాదు. ఇవీ షరతులు. అడవి ఉంటేనే తోలు దొరుకును; సేద్యగాడు వస్తే అడవి తగ్గునని వర్తకుల భయము. ఇల్లు అమ్ముకొని వచ్చినవాడు వెనుకకు పోలేడని వారికి బాగా తెలుసు. ఎబేర్ ఆ పత్రము మీద సంతకము చేశారు. మన జిల్లాల నుండి బర్మాకు, మారిషస్‌కు కూలికి వెళ్లిన పూర్వులు ఎట్టి పత్రముల మీద వేలిముద్రలు వేశారో విన్నవారికి ఈ సంగతి కొత్తగా తోచదు.

1617 మార్చిలో బయలుదేరిన ఓడ సముద్రము మీద మూడు నెలలు నడిచింది. మంచుగడ్డల మధ్య చిక్కుకొని ఇక మునుగుట తప్పదనుకొన్న రోజున, ఓడలో ఉన్న రికొలె సభ గురువులు జోసెఫ్ లె కారోన్ గారు అందరికీ పాపవిమోచనము ఇచ్చారు. అప్పుడు మారీ రోలే కింది గదిలోనుండి తన పిల్లలను పైకెత్తి, గురువుల ఆశీర్వాదము ఇప్పించారట. ఓడ గట్టెక్కింది. వేసవిలో ఆ కుటుంబము క్వెబెక్ చేరింది.

నది ఒడ్డున కొండమీద వారు ఎన్నుకొన్న భూమి సుమారు పది అర్పాంలు, అనగా మన లెక్కన ఎనిమిది ఎకరాల చిల్లర. పెద్ద పెద్ద చెట్లను గొడ్డలితో నరికి, మోళ్లు పెకలించి, పార, గునపములతోనే నేల తవ్వారు. నాగలి లేదు. నాగలి ఇవ్వమని వర్తకులను అడిగినా లాభము లేకపోయినది. అయినను గోధుమ, బఠాణి, మొక్కజొన్న, కూరగాయలు పండించారు. ఆపిల్ చెట్లు నాటారు. ఓడ ఆలస్యమైన చలికాలములో ఆ పంట వలననే పలువురి ప్రాణములు నిలిచినవి. ఆ చుట్టుపట్ల నివసించే ఇన్నూ మొదలగు జాతులవారితో ఎబేర్ స్నేహముగా ఉండి, వారికి వైద్యము చేసేవారు. 1620లో షాంప్లేన్ ఆయనను రాజుగారి పక్షాన న్యాయ వ్యవహారములు చూచే అధికారిగా నియమించారు. 1623లో ఆ భూమి ఆయనకు శాశ్వత హక్కుగా దక్కినది. 1626లో ఆ హక్కును మరల ధ్రువపరచుచు, సేన్ చార్లెస్ నది ఒడ్డున మరికొంత భూమి కూడా ఇచ్చారు.

ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలసి ఉన్నది. ఫ్రాన్సు ప్రభువులు పత్రము రాసి ఇచ్చిన ఆ నేల మీద, వారు రాకమునుపే ఆ జాతులవారు తరతరాలుగా వేటాడుచు, చేపలు పట్టుచు బ్రదుకుచుండిరి. వారి అనుమతి ఏ పత్రములోనూ లేదు. ఎబేర్ మంచితనము నిజమే. ఈ అన్యాయమూ నిజమే. పూర్వుల చరిత్ర వెదకేవారు రెండింటినీ రాసికొనవలెను.

కుటుంబములో దుఃఖమూ రాకపోలేదు. పెద్ద కుమార్తె ఆన్‌కు 1618లో ఎతియెన్ జోంకే అనే యువకునితో వివాహము జరిగింది. క్వెబెక్‌లో తిరుసభ ఆచారము ప్రకారము జరిగిన మొదటి వివాహము అదే. కాని ఆమె కొద్దికాలములోనే ప్రసవ సమయములో మరణించినది. బిడ్డ కూడా దక్కలేదు. రెండవ కుమార్తె గీయెమెట్ 1621 ఆగస్టు 26న గియోమ్ కుయ్యార్ అనే వడ్రంగిని పెండ్లాడినది. వారికి పదిమంది బిడ్డలు కలిగారు.

1627 జనవరిలో ఎబేర్ మంచుమీద జారిపడి, ఆ దెబ్బతోనే ప్రభువునందు నిద్రించారు. స్థానికులను మరువక ఆదరించమని తనవారికి చెప్పి కన్నుమూశారని ఆనాటి గురువులు రాసి ఉంచారు. ఆయన జీవితమంతా అడిగిన నాగలి మరుసటి యేడు, 1628 ఏప్రిల్ 27న, మొదటిసారి ఎద్దులతో ఆ నేలను దున్నినది. దానిని నడిపినవాడు అల్లుడు కుయ్యార్.

1629లో ఆంగ్లేయులైన కర్క్ సోదరులు క్వెబెక్‌ను పట్టుకొన్నారు. షాంప్లేన్, గురువులు, వర్తకులు ఓడలెక్కి వెళ్లిపోయారు. ఎబేర్ కుటుంబము మాత్రము పొలము విడువలేదు. పూజాబలి లేక, గురువులు లేక మూడేండ్లు గడిపి, 1632లో ఆ ప్రాంతము తిరిగి ఫ్రాన్సు వశమైనప్పుడు వచ్చిన గురువులను వారే ఎదుర్కొన్నారు. ఆ ఇంటిలోనే తిరిగి పూజాబలి సమర్పించబడినది.

మారీ రోలే గియోమ్ హుబూ అనే సజ్జనుని పునర్వివాహమాడి, 1649 మే నెలలో మరణించే వరకు స్థానిక బాలికలను ఇంట ఉంచుకొని పెంచారు. ఎందరికో జ్ఞానతల్లి అయినారు. ఆఫ్రికా వైపు నుండి తేబడి బానిసగా అమ్మబడిన ఒలివియే అనే బాలుడు కూడా కుయ్యార్ ఇంటికే చేరాడు. 1633లో అతడు జ్ఞానస్నానము పొందినాడు, 1654లో మరణించినాడు. దేవాలయ రిజిస్టరు అతని పేరును కూడా నిలిపినది. కెనడాలో బానిసత్వపు చరిత్ర రాసేవారు ఆ పేరుతోనే మొదలుపెడతారు.

ఇక ఇంటిపేరు సంగతి. కుమారుడు గియోమ్ ఎబేర్ 1634లో హెలెన్ దెపోర్ట్ అనే కన్యను వివాహమాడి, 1639లో మరణించాడు. వారి కుమారుడు జోసెఫ్ ఇరోక్వాల చేత చిక్కి మరణించాడు. జోసెఫ్ పసిబిడ్డ కూడా బ్రదుకలేదు. అంతటితో లూయీ ఎబేర్ ఇంటిపేరు ముగిసినది. నేడు కెనడాలోను, అమెరికాలోని లూసియానాలోను ఎబేర్ ఇంటిపేరు గలవారు వేలమంది ఉన్నారు. కాని వారిలో పలువురు తరువాతి కాలములో అకేడియాకు వచ్చిన అంతోయిన్, ఎతియెన్ అనే వేరే ఎబేర్ సోదరుల సంతతివారు. పేరు ఒక్కటైనంత మాత్రాన వంశము ఒక్కటి కాదు. లూయీ ఎబేర్ నెత్తురు మాత్రము కుమార్తె గీయెమెట్ ద్వారా, మనుమరాలు ఫ్రాన్స్వాజ్ ద్వారా, వేరే ఇంటిపేర్లు గల వేలాది కుటుంబములలో ప్రవహించుచున్నది. మిసిసిపీ నదీమార్గమును 1673లో కనుగొన్న లూయీ జోలియే భార్య గీయెమెట్ మనుమరాలే. కోడలు హెలెన్ తన రెండవ వివాహము వలన కన్న కుమారుడు జెర్మేన్ మోరిన్ 1665లో కెనడాలో పుట్టినవారిలో మొదటి గురువు అయినారు. కుమార్తె మారీ మోరిన్ మఠకన్య అయినారు.

ఇంత వివరముగా ఈ సంగతులు తెలియుటకు కారణము దేవాలయ రిజిస్టర్లు. 1640 జూన్‌లో క్వెబెక్ దేవాలయము తగులబడి, అందులోని రిజిస్టర్లు కాలిపోగా, గురువులు విశ్వాసులను అడిగి, జ్ఞాపకము మీద వాటిని తిరిగి రాశారు. 1667లో ఫ్రాన్సు రాజు ప్రతి రిజిస్టరు రెండు ప్రతులు ఉండవలెనని శాసించారు. పైగా ఫ్రెంచి పత్రములలో స్త్రీకి పెండ్లి అయినను పుట్టినింటి పేరే రాసేవారు. మారీ రోలే తుదిదాకా మారీ రోలేగానే ఉన్నారు. అందుచేతనే సిప్రియెన్ తాంగే అనే గురువులు 1871 నుండి 1890 వరకు ఆ కుటుంబముల వంశావళులను ఏడు సంపుటములుగా ప్రకటించగలిగారు. ఆ రాతలే లేకపోతే ఈ కుమార్తెల వంశము ఎవరికీ దొరికేది కాదు.

1666లో గీయెమెట్ తన భూమిలో కొంత భాగమును పీఠాధిపతులు ఫ్రాన్స్వా ద లావాల్ గారికి గురువిద్యాలయము కోసము అమ్మినది. 1674లో క్వెబెక్ మేత్రాసనము ఏర్పడినప్పుడు ఆయనే మొదటి మేత్రాణులు. 2014లో వారు పునీతులుగా ప్రకటించబడ్డారు. మందుల వ్యాపారి గునపముతో తవ్విన నేల మీదనే ఒక మేత్రాసనము వేళ్లూనినదన్నమాట.

ప్రియ విశ్వాసులారా, మన రిజిస్టర్లను వెదకునప్పుడు తండ్రి ఇంటిపేరు ఒక్కటే చూడవద్దని మనవి చేయుచున్నాము. తల్లి పుట్టినిల్లు, అమ్మమ్మ ఊరు, నాయనమ్మ ఇంటిపేరు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు కూడా రాసికొనండి. ఇకముందు జ్ఞానస్నానములు, వివాహములు నమోదు చేయించునప్పుడు ఆడబిడ్డల పుట్టినింటి పేరు తప్పక రాయించండి. పెద్దలు జీవించి ఉండగానే వారిని అడిగి, రెండు ప్రతులు చేసి, ఒకటి విచారణ గురువులకు అప్పగించండి. రెండవ శతాబ్దములో మనలను వెదకబోయే మన మునిమనుమలు, మునిమనుమరాండ్రు అందుకు మనకు కృతజ్ఞులై ఉంటారు.