బంతి నేర్పిన బడిపంతులు

రగ్బీ, ఫుట్‌బాల్ ఒకే ఇంటి ఆటలు. బంతిని చేతబట్టి పరుగెత్తవచ్చునా అన్న తగవుతో విడిపోయి, 1863లో ఫుట్‌బాల్‌కు, 1871లో రగ్బీకి ఇంగ్లండులో వేర్వేరు సంఘాలు వెలిశాయి.

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి ప్రాణం పోసినవారు కీర్తిశేషులు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. 1943లో సంఘ కార్యదర్శి అయ్యారు. వాటంలేని కాలితోనే బంతి తన్నాలనే పోటీలు పెట్టి కుర్రవాళ్లకు రెండు కాళ్లా ఆట నేర్పారు. ఆయన తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు సాధించింది. జకార్తా నాటికే కేన్సర్ పీడిస్తున్నా మైదానం విడువలేదు. 1963 జూన్ 11న కన్నుమూశారు.

హుజూరాబాద్ పల్లెల్లో బంతి వెంట పరుగెత్తే పిల్లలకు కావలసింది అటువంటి పంతులే.