సార్జెంటు ఆల్విన్ యార్క్: జీవిత రేఖలు

1964 సెప్టెంబరు 2వ తేదీన అమెరికా దేశంలోని నాష్‌విల్ నగరంలో, మాజీ సైనికుల వైద్యశాలలో, 76 సంవత్సరాల వృద్ధుడొకడు కన్నుమూశాడు. పక్షవాతం ఆయనను అప్పటికి పదేళ్లుగా మంచానికే పరిమితం చేసింది. అంత్యక్రియలకు దేశాధ్యక్షుడు జాన్సన్ తన ప్రతినిధిగా జనరల్ రిడ్జ్‌వేను పంపాడు. ఆ వృద్ధుడు సేనాధిపతి కాడు, ధనికుడూ కాడు. మొత్తం మీద తొమ్మిది నెలలకు మించి బడిలో కూర్చోని కొండప్రాంతపు రైతు. లోకం ఆయనను ఒక్క ఉదయం జరిగిన యుద్ధానికి స్మరిస్తే, ఆయన మాత్రం తాను కట్టించిన పాఠశాల వల్ల గుర్తుండాలని కోరుకున్నాడు. విద్యార్థి మిత్రులు ఆయన పేరును ఏ చలనచిత్రం వల్లనో విని ఉండవచ్చు. ఆ చిత్రం చెప్పనిది చాలా ఉంది.

ఆల్విన్ యార్క్ 1887 డిసెంబరు 13న టెనెసీ రాష్ట్రపు ఉత్తర సరిహద్దున ఉన్న పాల్ మాల్ అనే పల్లెలో, దుంగలతో కట్టిన చిన్న ఇంటిలో జన్మించాడు. పదకొండుమంది సంతానంలో మూడవవాడు. తండ్రి కొలిమి పని చేస్తూ, కొద్దిపాటి భూమి దున్నుతూ, వేటతో ఇంటిల్లిపాదికీ తిండి సమకూర్చేవాడు. పొలం పనులు తీరిన వేళ ఏడాదికి కొన్ని వారాలు మాత్రమే సాగే బడి అది. అక్షరం కంటె గురి ముందుగా అలవడింది. 1911లో తండ్రి మరణించగా, పెద్దన్నలిద్దరూ పెండ్లిండ్లు చేసుకొని వేరుపడి ఉన్నందున, తల్లి, తమ్ముళ్లు, చెల్లెళ్ల భారం ఆల్విన్ భుజాలపై పడింది.

భారం మోసినంత మాత్రాన మనిషి సన్మార్గుడైనాడని అనుకోరాదు. పగలు కూలి, రాత్రి సారా, జూదం, కొట్లాట. రాష్ట్ర సరిహద్దున ఉన్న సారా కొట్లలో ఆయన పేరు తెలియనివారు లేరు. తల్లి రాత్రులు మేల్కొని ఎదురుచూసేది. ఆయన మనసిచ్చిన గ్రేసీ అనే యువతి కుటుంబం భక్తిగలది, ఈ తాగుబోతును దరిజేరనీయలేదు. చివరకు 1915 సంవత్సరాది రోజున, ఊరి ప్రార్థనాలయంలో సాగుతున్న ఉజ్జీవ సభల సందర్భంలో, ఆయన పాత బ్రతుకును వదలివేశాడు. సినిమాలో ఆయన తుపాకిపై పిడుగు పడినట్లు చూపించారు. నిజానికి పిడుగేమీ పడలేదు. తల్లి కన్నీరు, గ్రేసీ మౌనం, ప్రసంగికుని మాటలు చేసిన పని అది. అటుపిమ్మట ఆయన మద్యం ముట్టలేదు. ఆదివారపు బడిలో పిల్లలకు పాఠం చెప్పాడు, సంఘంలో పాట నేర్పాడు, క్రమంగా పెద్దగా ఎన్నికయ్యాడు.

ఆయన చేరిన సంఘం చిన్నది. నరహత్య పాపమనే ఆజ్ఞను అక్షరాలా పాటించాలని బోధించేది. 1917లో అమెరికా ప్రపంచయుద్ధంలో దిగి, యువకులందరూ సైన్యానికి పేర్లు నమోదు చేసుకోవాలని ఆజ్ఞాపించగా, యార్క్ పెద్ద ధర్మసంకటంలో పడ్డాడు. చిత్రమేమంటే, ఆ ఊరిలో పేర్లు నమోదు చేసే బాధ్యత సంఘ కాపరిదే. తపాలా కార్యాలయమూ, కిరాణా దుకాణమూ ఆయనవే. ఆ కాపరి సహాయంతోనే యార్క్ తనకు మినహాయింపు కావాలని దరఖాస్తు పెట్టుకున్నాడు. బైబిలు తప్ప వేరుగా లిఖితమైన విశ్వాసప్రమాణం ఆ సంఘానికి లేదన్న కారణంతో అధికారులు దానిని తోసిపుచ్చారు.

జార్జియా రాష్ట్రంలోని శిక్షణా శిబిరంలో ఆయన గురి చూసి అధికారులు విస్తుపోయారు. గురి ఉన్న ఈ మనిషి శత్రువును చంపనంటున్నాడని తెలిసి మరింత విస్తుపోయారు. ఇక్కడ ఆయన పై అధికారులను మెచ్చుకోవలసి ఉన్నది. కెప్టెన్ డాన్‌ఫర్త్, మేజర్ బక్స్‌టన్ ఆయనను శిక్షించలేదు, పరిహసించలేదు. బైబిలు తెచ్చుకొని ఒక రాత్రి చాలసేపు ఆయనతో వాదించారు. వచనానికి వచనం చూపించారు. ఆలోచించుకొని రమ్మని సెలవిచ్చి ఇంటికి పంపారు. యార్క్ కొండపైకి వెళ్లి ఒంటరిగా ప్రార్థనలో గడిపి, పోరాడవచ్చుననే నిశ్చయంతో తిరిగివచ్చాడు. ఆ నిశ్చయం సరియైనదా కాదా అన్నది నేటికీ తెగని వాదమే. ఒక మాట మాత్రం చెప్పవచ్చు. తన పెద్దకుమారులలో ఒకనికి యార్క్ ఆ మేజరు పేరే పెట్టుకున్నాడు. తన మనస్సాక్షిని గౌరవించిన అధికారిని ఆయన మరువలేదు.

1918 అక్టోబరు 8న ఫ్రాన్సు దేశంలోని ఆర్గోన్ అడవిలో, షాటెల్ షెహెరీ గ్రామ సమీపాన, ఆయన దళం జర్మను మరతుపాకుల ధాటికి ముందుకు సాగలేకపోయింది. పదిహేడుగురు శత్రువు వెనుకకు చుట్టివెళ్లి కొందరిని పట్టుకున్నారు. అంతలో గుట్టమీది మరతుపాకులు వారివైపు తిరిగాయి. క్షణాలలో ఆరుగురు మరణించారు, నాయకునితో సహా ముగ్గురు గాయపడ్డారు. కార్పొరల్‌గా ఉన్న యార్క్ తుపాకి పట్టి, తలెత్తిన ప్రతివానినీ గురి తప్పకుండా కొట్టాడు. కొందరు జర్మనులు బాయినెట్లతో వరుసగా మీదికి ఉరికివస్తే, పిస్తోలు తీసి చివరివానితో మొదలుపెట్టి కాల్చాడు. తమ కొండలలో అడవి టర్కీకోళ్లను వేటాడే పద్ధతి ఇదే. ముందున్నదానిని కొడితే వెనుకవి బెదరి ఎగిరిపోతాయి. ఇరవైమందికి పైగా ఆయన చేతిలో కూలారు. జర్మను అధికారి లొంగిపోవడానికి సిద్ధపడగా, యార్క్, మిగిలిన ఏడుగురు సైనికులు కలిసి 132 మంది బందీలను నడిపించుకొని వచ్చారు.

ఆ ఏడుగురిలో కొందరు తమ పాత్ర మరుగున పడిందని తరువాత బాధపడ్డారు. వారి బాధను అన్యాయమనలేము. యార్క్ స్వయంగా దైవసహాయం వల్లనే బ్రతికానని నమ్మాడు, తన శౌర్యాన్ని గూర్చి డంబాలు పలుకలేదు. మరునాడు అనుమతి తీసుకొని ఆ స్థలానికి తిరిగి వెళ్లి, ఇంకా ప్రాణాలతో ఉన్నవారెవరైనా దొరుకుతారేమోనని వెదికాడు. ఎవరూ దొరకలేదు. దళంలో గ్రీకు, ఇటలీ, పోలెండు దేశాల నుంచి వలసవచ్చినవారు, యూదులు ఉండేవారు. మొదట ఈ పరాయివారికి తుపాకి పట్టడం కూడ రాదని ఆయన చిన్నచూపు చూశాడు. కందకాలలో కలిసి తిని, కలిసి తడిసిన పిమ్మట వారు ఆయనకు సోదరులయ్యారు. ఆనాడు ఆయన వారందరికొరకు ప్రార్థించాడు. చనిపోయిన జర్మనుల కొరకు కూడ ప్రార్థించాడు.

1919లో అమెరికా ప్రభుత్వం ఆయనకు అత్యున్నత సైనిక పతకాన్ని బహూకరించింది. ఫ్రాన్సు, ఇటలీ మొదలైన దేశాలు సత్కరించాయి. న్యూయార్కు వీథులలో జనం పూనకం వచ్చినట్లు స్వాగతమిచ్చారు. నాటకశాలలవారు, సినిమావారు, సరుకుల వ్యాపారులు వేలవేల డాలర్లు చూపించారు. సైనికదుస్తును సంతలో అమ్మదలచుకోలేదని ఆయన అన్నిటినీ తిరస్కరించి పల్లెకు చేరుకున్నాడు. జూన్ 7న గ్రేసీతో వివాహం జరిగింది. రాష్ట్ర గవర్నరే స్వయంగా ఆ వివాహం జరిపించాడు. నాష్‌విల్ రోటరీ సంఘంవారు ఒక వ్యవసాయక్షేత్రాన్ని కానుకగా ప్రకటించారు గాని, చందాలు పూర్తిగా వసూలు కాలేదు. కానుకతోబాటు అప్పు కూడ యార్క్ తలపై పడింది. పంటల ధరలు పతనమైన రోజులవి. ఆ రుణం తీరడానికి ఆయన లోకం ముందు చేయిచాచవలసి వచ్చింది.

దేశదేశాలు చూసివచ్చిన యార్క్‌కు తన లోపం తెలిసివచ్చింది. తాను చదువుకోలేదు, తన కొండలలోని పిల్లలూ చదువుకోవడం లేదు. దారులు లేవు, బడులు లేవు. మన కళాశాల పాలకవర్గ సభ్యులు ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చదువుతారని నా నమ్మకం. విద్యాసంస్థ స్థాపించడమంటే ఏమిటో వారికి తెలియనిది కాదు. యార్క్ రైళ్లలో ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. శ్రోతలు యుద్ధకథ వినగోరితే, ఆయన పాఠశాల సంగతి చెప్పి చందా అడిగేవాడు. జిల్లా పెద్దలు పాఠశాల ఎక్కడ కట్టాలి, ఎవరి పెత్తనం సాగాలి అని అడుగడుగునా అడ్డుతగిలారు. శత్రువు తుపాకులకు జంకని మనిషిని సొంత ఊరి కమిటీలు అలసిపోజేశాయి. అయినను 1926లో జేమ్స్‌టౌన్‌లో ఆయన పేరిట పాఠశాల వెలసింది. దూరపు పల్లెల నుంచి పిల్లలను తీసుకొనివచ్చే బస్సుల ఖర్చుకు ఆయన తన భూమినే తాకట్టు పెట్టాడు. ఆయనకు లెక్కలు, కాగితాలు చేతగావన్నది కూడ నిజమే. పాలనకు కావలసిన ఓర్పు, చాతుర్యం ఆయన వద్ద తక్కువ. 1930 దశకం మధ్యలో అధ్యక్షపదవి వదులుకోవలసి వచ్చింది. 1937లో పాఠశాల రాష్ట్రప్రభుత్వం చేతికి వెళ్లింది.

సినిమాకు ఇరవై ఏళ్లుగా ఒప్పుకోని యార్క్, ఒక బైబిలు పాఠశాల కట్టాలన్న కోరికతోనే చివరకు సమ్మతించాడు. 1941లో విడుదలైన ఆ చిత్రంలో ఆయన పాత్ర ధరించిన గ్యారీ కూపర్‌కు ఆస్కార్ బహుమతి లభించింది. రెండవ ప్రపంచయుద్ధం వచ్చినపుడు తిరిగి సైన్యంలో చేరబోతే, వయస్సు, స్థూలకాయం అడ్డువచ్చాయి. గౌరవార్థం మేజర్ హోదా ఇచ్చి, శిబిరాలలో సైనికులను ఉత్సాహపరచే పని అప్పగించారు. సినిమావల్ల వచ్చిన ధనం ఆయన చేతిలో నిలువలేదు. అడిగినవారికి లేదనడం ఎరుగడు. దానిపై చెల్లించవలసిన పన్ను సంగతి పట్టించుకోలేదు. 1951లో పన్నుల శాఖ ఆయనపై బకాయి మోపింది. అది వడ్డీతో పెరిగి 1,72,000 డాలర్లు దాటింది. 1954లో పక్షవాతం వచ్చింది. చూపు మందగించింది. దేశం అత్యున్నత పతకమిచ్చిన మనిషి మంచంపై పడి, అదే దేశపు పన్నుల నోటీసులను ఇతరుల చేత చదివించుకోవలసిన స్థితి ఏర్పడింది. చట్టం అందరికీ ఒక్కటేనన్న మాట సరియైనదే కావచ్చు గాని, ఆ సంవత్సరాలను తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

1961లో ప్రభుత్వం 25,000 డాలర్లతో సరిపెట్టుకోవడానికి అంగీకరించింది. ప్రతినిధుల సభాధ్యక్షుడు రేబర్న్, టెనెసీ ప్రతినిధి ఎవిన్స్ కలిసి దేశప్రజల నుంచి చందాలు సేకరించారు. బాకీ తీరిపోగా మిగిలిన సొమ్మును యార్క్ కుటుంబపు అవసరాలకు నిధిగా ఏర్పరచారు. ఆ తరువాత ఆయన మూడు సంవత్సరాలు జీవించాడు. భౌతికకాయాన్ని పాల్ మాల్‌కు తీసుకొనిపోయి, ఉల్ఫ్ నది ఒడ్డున ఉన్న ఊరి శ్మశానంలో సమాధి చేశారు. జేమ్స్‌టౌన్‌లోని పాఠశాల రాష్ట్రప్రభుత్వ నిర్వహణలో, ఆయన పేరుతోనే, నేటికీ నడుస్తున్నది.