కర్రముక్కలతో ఆకాశాన్ని కొలిచిన పఠానీ సామంత

గోడపత్రికలో ఈసారి మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. గాంధీగారి గురించి, అల్లూరి గురించి మనవాళ్ళు ఎప్పుడో రాసేసారు. అందుకని నేను పక్క రాష్ట్రం ఒడిశా మనిషిని తీసుకున్నాను.

ఆయన అసలు పేరు సామంత చంద్రశేఖర సింహ. 1835లో ఖండపడా అనే చిన్న సంస్థానంలో, రాజుల కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు నయాగఢ్ జిల్లాలో ఉంది. ఆయనకు ముందు పుట్టిన పిల్లలు దక్కలేదు. ఈ బిడ్డనైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు ఒక ముస్లిం ఫకీరుకి ఇచ్చినట్టు చేసి, మళ్ళీ తెచ్చుకున్నారట. అలా పఠానీ అనే పేరు వచ్చింది. మనవైపు పిల్లలు పోతుంటే పెంటయ్య, పెంటమ్మ అని పెట్టరూ, అలాంటిదే. పేరుకి రాజవంశమే గానీ చేతిలో డబ్బులు తక్కువ. ఇంగ్లీషు రాదు. ఒరియా, సంస్కృతం మాత్రం వచ్చు.

చిన్నప్పుడు బాబాయి వరసాయన ఒకరు నక్షత్రాలు చూపించి పేర్లు నేర్పారు. పదిహేనేళ్ళు వచ్చేసరికి పఠానీ ఇంట్లోని తాళపత్రాలు చదివి, ఏ గ్రహం ఎప్పుడు ఎక్కడ ఉంటుందో సొంతంగా లెక్క కట్టడం మొదలుపెట్టారు. రాత్రి బయటికొచ్చి చూస్తే గ్రహం అక్కడ లేదు! మళ్ళీ లెక్క చేసారు. మళ్ళీ లేదు.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ముందు స్థలం సంగతి తెలియాలి. మన కంప్యూటర్ గదిలో స్టెల్లేరియం అని ఆకాశం చూపించే ప్రోగ్రాం ఉంది కదా. దాన్ని మొదటిసారి తెరిచినప్పుడు అది ప్యారిస్ ఆకాశం చూపించింది. ప్యారిస్ 49 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. మనం నిలబడ్డ చోటు అక్షాంశం ఎంతో, ధ్రువనక్షత్రం ఎత్తు దాదాపు అంతే. అంటే అక్కడ 49 డిగ్రీలు, మన పాడేరులో 18. అగస్త్య నక్షత్రమైతే ప్యారిస్‌లో అసలు ఉదయించదు. మనకి ఫిబ్రవరి రాత్రుల్లో దక్షిణాన, కొండ అడ్డం లేకపోతే, చక్కగా కనిపిస్తుంది. కాబట్టి ఎఫ్6 మీట నొక్కి అక్షాంశం 18.08 ఉత్తరం, రేఖాంశం 82.67 తూర్పు, ఎత్తు సుమారు 900 మీటర్లు, భారత కాలమానం అని ఇవ్వాలి. అప్పుడు గానీ అది మన ఆకాశం అవదు. కింద డిఫాల్ట్ గడిలో టిక్కు పెట్టడం మరవకండి, లేకపోతే మర్నాడు మళ్ళీ ప్యారిసే.

పాత సిద్ధాంత గ్రంథాల్లో కూడా ఈ ఏర్పాటు ఉంది. వాటి లెక్కలన్నీ ఉజ్జయిని మీదుగా పోయే రేఖకి కట్టినవి. మన ఊరు దానికి తూర్పున ఉంటే డిగ్రీకి 4 నిమిషాలు సవరించుకోవాలి. ఖండపడా సుమారు తొమ్మిదిన్నర డిగ్రీలు తూర్పు, అంటే 38 నిమిషాల దాకా తేడా. అక్షాంశానికేమో 12 అంగుళాల శంకువు, అంటే నిలువు పుల్ల, పాతి, పగలూ రాత్రీ సమానమైన రోజు మిట్టమధ్యాహ్నం నీడ కొలవాలి. ఖండపడాలో అది నాలుగున్నర అంగుళాలకి కాస్త తక్కువ వస్తుంది. మనకి నాలుగు లోపే.

అయితే స్థలం సరిచేసినా పఠానీకి గ్రహాలు కుదరలేదు. ఎందుకంటే తప్పు ఆ పుస్తకాల అంకెల్లోనే ఉంది. భాస్కరాచార్యుల గ్రంథమే 1150 నాటిది. రోజుకి అర నిమిషం తప్పే గడియారం ఏడాదికి మూడు గంటలు తప్పుతుంది. మరి ఏడు వందల ఏళ్ళకి ఎంతవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఆ లెక్కలతోనే పంచాంగాలు, పెళ్ళిళ్ళు, పూరీ జగన్నాథుని ఉత్సవాలు నడుస్తున్నాయి. పెద్దల పుస్తకం తప్పు అనడం మాటలు కాదు. అందుకే ఆయన ముందు ఏమీ అనలేదు. ఇరవైమూడో ఏట నుంచి చూసినదల్లా రాసి పెట్టుకోసాగారు.

దుర్భిణి లేదు. ఉన్నది మానయంత్రం. పేరు గొప్పగా ఉంది గానీ అది రెండు కర్రముక్కలు, ఇంగ్లీషు టీ అక్షరంలా బిగించినవి. పొడవు కర్ర కొసని కంటి దగ్గర పెట్టుకొని, అడ్డ కర్ర మీది గంట్లు, రంధ్రాల్లోంచి చూడాలి. ఏ రంధ్రంలో చుక్క కనపడితే అది అన్ని డిగ్రీలు. నేను వెదురుబద్దలతో ఒకటి చేసాను. పొడవు కర్ర 60 సెంటీమీటర్లు ఉంటే 18 డిగ్రీలకి రంధ్రం పంతొమ్మిదిన్నర సెంటీమీటర్ల దగ్గర పడుతుంది. కావాలంటే నా దగ్గర తీసుకొని చూడండి, విరగ్గొట్టకండి.

ఆ కర్రలతోనే ఆయన చంద్రుడి దారి వాలు 5 డిగ్రీల 9 నిమిషాలని తేల్చారు. పాత గ్రంథాల్లో అది నాలుగున్నర డిగ్రీలే. ఇప్పటి లెక్క కూడా 5 డిగ్రీల 9 నిమిషాలే! చంద్రుడి నడకలో మూడు రకాల హెచ్చుతగ్గులున్నాయని కూడా కనిపెట్టారు. యూరప్ వాళ్ళకి అవి అప్పటికే తెలుసు గానీ ఆ సంగతి ఈయనకి తెలియదు. ఒక్క విషయంలో మాత్రం పాత దారే పట్టారు. గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతారని రాసారు. నాకైతే దానివల్ల ఆయన మీద గౌరవం తగ్గలేదు.

ఇదంతా సిద్ధాంత దర్పణం అనే గ్రంథంగా రాసారు. సుమారు 2500 సంస్కృత శ్లోకాలు, తాటాకుల మీద ఒరియా లిపిలో. 1869 నాటికి అది తయారైంది. తర్వాత జరిగినవీ చేర్చారు. 1874 డిసెంబర్ 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం అందులో ఉంది. శుక్రుడి బింబం సూర్యుడిలో 32వ వంతని రాసారు. ఇప్పటి లెక్కా దాదాపు అంతే. అదే రోజు మన విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు గారు దుర్భిణితో ఆ దృశ్యం చూసారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసో లేదో!

ముప్పై ఏళ్ళ పాటు ఆ తాటాకులు అచ్చు కాలేదు. చివరికి కటక్ కాలేజీలో పనిచేసే జోగేశ్ చంద్ర రాయ్ అనే మాస్టారు ఆయన్ని కలిసి, విలువ గ్రహించి, ఇంగ్లీషులో పెద్ద ముందుమాట రాసి 1899లో కలకత్తాలో అచ్చువేయించారు. అదే ఏడు ఇంగ్లండులోని నేచర్ పత్రిక ఆయన్ని టైకో బ్రాహీతో పోల్చింది. అంతకుముందే 1893లో ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదు ఇచ్చింది. నన్నడిగితే ఈ రెండింటి కన్నా పెద్దది, జగన్నాథుని గుడివాళ్ళు ఆయన లెక్కల పంచాంగాన్ని ఒప్పుకోవడం.

ఆరోగ్యం మాత్రం ఆయనకి ఎప్పుడూ అంతంతే. 1904 జూన్‌లో పూరీలో కన్నుమూసారు. భువనేశ్వర్‌లోని ప్లానెటోరియానికి ఆయన పేరే పెట్టారు.