ఆర్కిమిడీసు

వృత్తమునకు సంబంధించిన లెక్క వచ్చినంతనే మన విద్యార్థులు 22ను 7చే భాగించి ముందునకు సాగిపోవుదురు. ఆ భిన్నమును ఋజువుతో లోకమున కొసంగిన మహనీయుడు మాత్రము అది సరియైన విలువ యని యెన్నడును చెప్పలేదు. నిజమైన విలువ దానికంటె తక్కువ యనియే యాతడు చెప్పెను. కావున నాతని చరిత్రమును సంగ్రహముగా నిచ్చట తెలుప నెంచితిమి.

ఆర్కిమిడీసు సిసిలీ ద్వీపమందలి సిరక్యూసు అను గ్రీకు నగరమున క్రీ. పూ. 287 ప్రాంతమున జన్మించెను. తాను కనుగొన్న విషయములను అలెగ్జాండ్రియాలోని ఎరటోస్తనీసు మొదలగు పండితులకు వ్రాసి పంపుచుండెడివాడు. రాజుగారి బంగారు కిరీటమందలి కల్తీని నీటి సాయమున పట్టిన కథ బాలురెల్ల రెఱిగినదే. అది యాతని గ్రంథములలో లేదు. సుమారు రెండువందల యేండ్లకు పిమ్మట విట్రూవియసు వ్రాసినది. దానిని విడిచి గణితమును చూతము.

వృత్తము లోపల నొక సమషడ్భుజిని, వెలుపల మఱియొకదానిని గీసినచో, పరిధి లోపలిదానికంటె నెక్కువయు, వెలుపలిదానికంటె తక్కువయు నగును. ఆర్కిమిడీసు భుజములను రెట్టించుచు 12, 24, 48, తుదకు 96 చేసెను. ఈ గణనకు 3 యొక్క వర్గమూలము కావలెను. అది యే భిన్నమునకును సరిపోదు. అందుచే దానిని 265/153 కంటె నధికమనియు, 1351/780 కంటె న్యూనమనియు రెండింటి నడుమ బంధించెను. పరీక్షించి చూతము. 265 వర్గము 70,225. 153 వర్గమునకు మూడింతలు 70,227. రెండే తక్కువ! 1351 వర్గము 18,25,201. 780 వర్గమునకు మూడింతలు 18,25,200. ఒక్కటే యెక్కువ! వీనిని కనుగొన్న విధమును మాత్ర మాతడు వ్రాయలేదు.

వెలుపలి బహుభుజికి మొదటి భిన్నమును, లోపలిదానికి రెండవదానిని వాడెను. ప్రతిమెట్టునను మిగులు భిన్నములను విడుచునపుడు ఏ వైపునకు విడువవలెనో చూచుకొనెను. ఒక్కచోట దిశ తప్పినను ఋజువంతయు కూలిపోవును. ఋణసంఖ్యచే గుణించి అసమత చిహ్నమును త్రిప్పుట మఱచెడు మన పరీక్షార్థుల గతియు నిదియే గదా! ఆతనికి ఆ చిహ్నములైనను లేవు. అవి థామస్ హారియట్టు మరణానంతరము 1631లో అచ్చయిన యాతని గ్రంథమున కనిపించినవి. ఆర్కిమిడీసు సర్వమును మాటలతోడను, సంఖ్యలకు బదులు వాడెడి గ్రీకు అక్షరములతోడను సాధించెను.

పరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి 22/7 కంటె తక్కువ, 223/71 కంటె నెక్కువ యని తేలినది. 22ను 71చే గుణించిన 1562. 223ను 7చే గుణించిన 1561. ఆ రెండు భిన్నముల నడుమ నెడము 497లో నొక వంతు మాత్రమే.

రోమను సేనాని మార్సెల్లసు సిరక్యూసును ముట్టడింపగా, ఆర్కిమిడీసు నిర్మించిన యంత్రములు ఆ సేనను చాలకాలము నిలిపినవి. క్రీ. పూ. 212లో నగరము పడెను. ఒక సైనికుడు ఆ వృద్ధుని వధించెను. సేనాని యందులకు మిగుల విచారించెనని ప్లూటార్కు వ్రాసియున్నాడు.

గోళము తన్ను చుట్టియున్న స్తూపములో మూడింట రెండువంతులని యాతడు నిరూపించియుండెను; ఆ రెండు రూపములే యాతని సమాధిపై నిలుపబడెను. క్రీ. పూ. 75లో సిసిలీలో నధికారిగా నున్న సిసిరో ముండ్లపొదలలో దానిని వెదకి కనుగొనెను. అట్టి సమాధి యొకటి కలదని సిరక్యూసు వారికే తెలియదయ్యెను.