కాటన్ దొర మొదట వేసింది పట్టాలు

పాకాల నుంచి తిరుపతికి నేను రైల్లోనే కాలేజీకి వస్తా. చంద్రగిరి పక్కన పారాల్సిన స్వర్ణముఖిలో ఎక్కువ రోజులు ఇసకే. మా నాయన వేయించిన మూడు బోర్లూ ఎండిపోయినాయి. సివిల్‌లో చేరినోణ్ణి, కాటన్ పేరు వినకుండా ఎట్లుంటా? కానీ ఆయన గోదావరోళ్ల దేవుడు, మనకేం చేశాడులే అనుకునేవాణ్ణి.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. 1821లో మద్రాసు ఇంజనీర్ల దళంలో పనికి ఇక్కడికొచ్చాడు. నాకు ఆశ్చర్యమేసిన సంగతేందంటే, 1837లో రోడ్లకు రాయి తోలడానికి రెడ్ హిల్స్ నుంచి మద్రాసు చింతాద్రిపేట దాకా పట్టాలు వేయించింది ఈయనే. బొంబాయి-ఠాణా రైలుకు పదహారేళ్ల ముందు! అది కొన్నేళ్లే నడిచింది.

అదే మనిషి తర్వాత రైళ్లకు అడ్డం తిరిగాడు. లాభమొచ్చినా రాకపోయినా రైలు కంపెనీల వాటాదారులకు సర్కారు 5 శాతం వడ్డీ గ్యారంటీ ఇచ్చేది. ఆ భారం పడేది జనం మీదే. ఆ డబ్బు కాలవల్లో పెడితే పొలానికి నీళ్లూ వస్తాయి, పడవల్లో సరుకూ పోతుందని కాటన్ లెక్క. 1847-52 మధ్య కట్టిన ధవళేశ్వరం ఆనకట్ట ఆ లెక్కను నిజం చేసింది.

సీమలో మాత్రం తప్పింది. ఆయన ఆలోచన మీద 1858లో మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ పుట్టింది, దానికీ అదే 5 శాతం గ్యారంటీ. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కడప దాకా కాలవ తవ్వారు. ఖర్చు అంచనా దాటింది. నల్లరేగడిలో మెట్ట పంటలు వేసే రైతులు నీటితీరువ కట్టి నీళ్లు తీసుకోలేదు. వాళ్లను తప్పుపట్టలేను, వానొచ్చిన ఏడు ఎవరు కడతారు? 1882లో సర్కారు ఆ కాలవను కొనేసింది, కంపెనీ కథ ముగిసింది.

రైలు కంపెనీలూ పోయాయి. 1865లో అరక్కోణం-కంచి మధ్య చిన్న గేజి బండి నడిపిన ఇండియన్ ట్రామ్‌వే కంపెనీ పేరు మార్చుకుని కర్ణాటిక్ రైల్వే అయింది, 1874లో సౌత్ ఇండియన్ రైల్వేలో కలిసిపోయింది. కానీ ఆ దారిలో ఇప్పటికీ జనం ఎక్కుతున్నారు.

1876-78 కరువులో రైళ్లు గింజలు మోశాయి, కొనడానికి డబ్బుల్లేనోళ్లు చచ్చిపోయారు. 1878లో కాటన్ పార్లమెంటు కమిటీ ముందు మళ్లీ కాలవల గురించే వాదించాడు. వాళ్లు వినలేదు. 1899 జులై 24న, 96 ఏళ్లకు పోయాడు.

రైలు లేకుంటే నేను కాలేజీకి రాలేను, కాబట్టి ఆయన కోపం నాకు సగమే నచ్చుతుంది. ఆ కాలవను మాత్రం ఇప్పుడు కేసీ కెనాల్ అంటారు. అప్పట్లో ఊరికే పారిన ఆ నీళ్ల కోసం ఇప్పుడు ఆయకట్టు రైతులు ధర్నాలు చేస్తున్నారు.