జనానా స్టూడియో: రాజా దీన్‌దయాళ్, మిసెస్ కెన్నీ-లెవిక్

మన ఇండ్ల గోడలపై అమ్మమ్మల, నాయనమ్మల ఫొటోలున్నవి. ఒక స్త్రీ కెమెరా యెదుట కూర్చుండుట ఒకప్పుడు ఎంత కష్టమో వాటిని చూచినప్పుడు మనకు తోచదు. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము ప్రభువునకు కప్పము కట్టుచుండిన కాలములో, ఆ రాజ్యపు రాజధానియైన హైదరాబాదులో ఈ కష్టమును తీర్చిన ఇద్దరిని ఇచ్చట జ్ఞాపకము చేసికొందుము.

దీన్‌దయాళ్ గారు 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జైన కుటుంబమున జన్మించిరి. రూర్కీలో ఇంజనీరింగు చదివి, 1866లో ఇందోరులో సర్కారు ఉద్యోగమున చేరిరి. అక్కడనే ఫొటోగ్రఫీ నేర్చి, కోటలను, ఆలయములను, రాజులను తీసి పేరుపొందిరి. తరువాత ఉద్యోగము విడిచి దక్కనుకు వచ్చి, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గారి ఆస్థాన ఫొటోగ్రాఫరైరి. 1886లో సికింద్రాబాదున స్టూడియో తెరచిరి.

రాజులు వచ్చిరి, దొరలు వచ్చిరి. కాని పరదా పాటించు ఇండ్ల స్త్రీలు రాలేకపోయిరి. పరపురుషుని యెదుట వారు ముసుగు తీయరు. పైగా ముఖమును చూచునది కెమెరా ఒక్కటే కాదు. చీకటి గదిలో గాజుపలకను కడుగువారు, కాగితముపై ప్రింటు తీయువారు కూడ చూతురు. అందుచేత 1892లో ఆయన హైదరాబాదులో స్త్రీలకై ప్రత్యేకముగా జనానా స్టూడియో నెలకొల్పి, ఫొటోగ్రఫీలో ఆరితేరిన మిసెస్ కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల స్త్రీకి అప్పగించిరి. చుట్టును ఎత్తైన గోడలు. లోపల ఆమె, ఆమెకు తోడుగా మన దేశపు స్త్రీలు.

మన సంఘముల చరిత్ర నెరిగిన వారికి ఇది వింత కాదు. ఆ కాలమున మిషను దొరసానులు కూడ పురుషులు దాటరాని గడప దాటి, జనానాలలోని స్త్రీలకు చదువు చెప్పిరి, వైద్యము చేసిరి.

దీన్‌దయాళ్ గారికి నిజాము రాజా బిరుదమిచ్చెను. 1897లో విక్టోరియా రాణి ఫొటోగ్రాఫరను గౌరవము దొరికెను. 1905లో వారు మరణించిరి. వారి 2,857 గాజు నెగటివులను 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రము సేకరించెను. 2006లో వారి పేర తపాలా బిళ్ల వెలువడెను. కెన్నీ-లెవిక్ గారి పేర బిళ్ల లేదు.

అయినను మాకు దీన్‌దయాళ్ గారి బిరుదములకన్న ఆ గోడయే ఎక్కువగా తోచుచున్నది. అంత నేర్పరియైన మనుష్యుడు, ఈ పని తన చేతిది కాదని ఎరిగి, గోడ వెలుపల నిలిచి, దానిని చేయగల స్త్రీ చేతికి అప్పగించెను. మన సంఘములలోను స్త్రీలే చేయగల పనులు ఎన్నో కలవు. వాటిని వారికి అప్పగించుటయు, అప్పగించిన పిమ్మట వారి పేరు మరువకుండుటయు మన వంతు.