పండిత రమాబాయి: సంపూర్ణ సమర్పణ

1870 దశకపు కరువు రోజుల్లో రాయచూరులో ఒక బ్రాహ్మణ వితంతువు ఆకలితో కృశించి మరణించింది. శ్మశానం మూడు మైళ్ల దూరం. పరాయి ఊరు కావడంతో శవాన్ని మోసే బంధువులు లేరు. ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి పాడె పట్టగా, మిగిలిన రెండు పక్కలా కుమారుడు, కుమార్తె పట్టుకున్నారు. కుమార్తె పొట్టి. పాడె భుజానికి అందక తలమీద మోసుకుంటూ నడిచింది. ఆ యువతే ఉత్తరోత్తరా పండిత రమాబాయిగా ప్రసిద్ధి చెందారు.

ఆమె 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగామూల ప్రాంతంలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే లోకాచారానికి వెరవక భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పారు. ఆ తల్లే రమాబాయికి గురువు. పురాణ పఠనం జీవనోపాధిగా ఆ కుటుంబం తీర్థక్షేత్రాలు తిరిగింది. ఉన్నదంతా వ్రతాలకు, దానాలకు వ్యయమైంది. చివరి గింజ కూడా అయిపోయిన తర్వాత తిరుపతి కొండల అడవిలో పదకొండు రోజులపాటు నీరు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపండ్లతో ప్రాణం నిలుపుకున్నారు. తండ్రి ఆ కరువులోనే పోయారు. తరువాత రాయచూరులో తల్లి. ఇన్ని వ్రతాలు ఎందుకు ఫలించలేదన్న ప్రశ్న రమాబాయిలో అప్పుడే మొదలైంది.

1878లో అన్నతో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె సంస్కృత వైదుష్యానికి అబ్బురపడి పండిత, సరస్వతి బిరుదులిచ్చి గౌరవించారు. 1880లో అన్న మరణించారు. అదే ఏట కులాంతరుడైన వంగ న్యాయవాది విపిన్ బిహారీ మేధావిని వివాహమాడారు. ఇంట్లో దొరికిన వంగభాషా లూకా సువార్తను ఆమె చదివారు. 1882లో విపిన్ కలరాతో మరణించారు. పసిబిడ్డ మనోరమతో ఆమె పూణే వచ్చి ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించారు.

1883లో వైద్యవిద్య కోసం ఇంగ్లాండు వెళ్లి వాంటేజ్ సన్యాసినుల ఆశ్రమంలో బస చేశారు. లండన్‌లో పతితలుగా వెలివేయబడిన స్త్రీలను ఆ సోదరీమణులు ఆదరించే తీరు ఆమెను కదిలించింది. సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన వృత్తాంతం అక్కడే చదివారు. ఆ సెప్టెంబరు 29న తల్లీకూతుళ్లు బాప్తిస్మం పొందారు.

రమాబాయి కథ చాలామంది ఇక్కడితో ముగిస్తారు. అసలు పెనుగులాట మొదలైంది ఇక్కడే. ఎవరి మాటకూ ఊరికే తల వంచే స్వభావం ఆమెది కాదు. సిద్ధాంతాలన్నింటినీ ప్రశ్నించారు, బిషప్పులతో వాదించారు, సిలువమీద లాటిన్ మాటలెందుకు, సంస్కృతం ఎందుకు కాకూడదని అడిగారు. ఆ స్వాతంత్ర్యం మెచ్చదగినదే. అయితే తాను స్వీకరించింది క్రీస్తు మతాన్నే గాని క్రీస్తును కాదని ఆమెకు తెలియడానికి ఎనిమిదేళ్లు పట్టింది. 1889లో బొంబాయిలో బాలవితంతువుల కోసం శారదా సదనం తెరిచారు, మరుసటి ఏడు పూణేకు మార్చారు. అక్కడ పని పెరుగుతున్నా అంతరంగంలో శాంతి లేదు. హాస్లామ్ అనే ఆంగ్ల బోధకుని ఆత్మకథ చదివి తనను తాను పరీక్షించుకున్నారు. పాండిత్యం, సేవ, పేరు వీటిలో ఏదీ తనను రక్షించదని గ్రహించి, 1891లో యేసుకు తనను అప్పగించుకున్నట్లు తన సాక్ష్యంలో చెప్పుకున్నారు.

దానికి వెల వెంటనే చెల్లించవలసి వచ్చింది. సదనంలో మతబోధ చేయనని మాట ఇచ్చి తప్పారని 1893లో పూణేలో గగ్గోలు రేగింది. తిలక్ నడిపిన కేసరి తీవ్రంగా విమర్శించింది. సలహాదారులు తప్పుకున్నారు. చాలామంది బాలికలను ఇళ్లకు తీసుకుపోయారు. తాను ప్రార్థించే గది తలుపు మూయను, ఎవరినీ రమ్మని బలవంతపెట్టను అన్నదే ఆమె వాదం. నమ్మి పిల్లలను పంపిన పెద్దలకు ఆ వాదం చాలలేదు. వారి బాధా తోసిపుచ్చదగినది కాదు.

1896లో మధ్య పరగణాలలో కరువు వచ్చింది. అడవి ఆకులు తిన్న ఆ రోజులు రమాబాయి మరువలేదు. స్వయంగా వెళ్లి సుమారు 300 మంది బాలికలను వెంటబెట్టుకొచ్చారు. ప్లేగు నిబంధనల వల్ల పూణేలో వారిని ఉంచే వీలు లేకపోయింది. షోలాపూర్ తెలుగువారు ఎరిగిన పూణే రైలుమార్గంలోనే కేడ్‌గావ్ ఉంది. అక్కడ కొన్న బీడుభూమిలో వారిని దింపారు. అదే ముక్తి సదనం. అమెరికా మిత్రుల పదేళ్ల సహాయ ఒప్పందం 1898లో ముగిసింది. నిలకడైన ఆదాయం లేదు. ప్రార్థన ఒక్కటే ఆధారమన్నారు. 1900 గుజరాత్ కరువు తర్వాత అక్కడివారి సంఖ్య దాదాపు 2000కు చేరింది. మగ్గాలు, నూనె గానుగ, ముద్రణాలయం, అంధుల పాఠశాల వెలిశాయి.

చివరి ఏళ్లు ఒకే పనికి ఇచ్చారు. పామర స్త్రీకి అర్థమయ్యే మరాఠీలో బైబిలును అందించాలని హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చి మూలం నుండి అనువదించారు. తన తరువాత సదనం చూస్తుందనుకున్న మనోరమ 1921లో తల్లికంటే ముందే పోయింది. పని ఆగలేదు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసే నాటికి అనువాదం పూర్తయింది. ఆ గ్రంథానికి ముక్తి ముద్రణాలయంలో అక్షరాలు కూర్చినవారు ఆమె చేరదీసిన ఆడపిల్లలే.